మీనస్ జెరైస్ కొండలలో పచ్చని జిగురు

బ్రెజిల్ దేశపు ఆగ్నేయ భాగంలో సముద్రతీరం లేని విశాలమైన రాష్ట్రం మీనస్ జెరైస్. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటినీ కలిపినా దాని విస్తీర్ణంలో సగానికి చేరవు. పోర్చుగీసు భాషలో ఆ పేరుకు 'అంతటా గనులే' అనే భావం ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఈ కొండల బంగారం పోర్చుగల్ రాజుల ఖజానాను నింపింది. నేడు ఇదే నేల నుండి ఇనుప ఖనిజం రైలుబండ్లలో రేవులకు తరలిపోతున్నది. కొండవాలుల మీద కనుచూపు మేర కాఫీ తోటలు. బ్రెజిల్ రాష్ట్రాలన్నిటిలోనూ కాఫీ అత్యధికంగా పండేది ఇక్కడే.

రాజధాని బెలో హొరిజాంటె నుండి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓరో ప్రెటో పట్టణానికి మేము జనవరి మాసంలో చేరుకున్నాము. దక్షిణార్ధగోళంలో అది వానకాలం. రాళ్లు పరచిన నిటారు వీధులు, ఎర్రపెంకుల ఇళ్లు, వాటి వెనుక మబ్బులు దిగిన కొండలు. 1980లో యునెస్కో ఈ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన ఊళ్లలో పడమరకు తిరిగి నమాజు చేసే మేము, అక్కడ దిక్సూచి చూసుకొని తూర్పు ఈశాన్యాల నడుమకు తిరిగి నిలబడ్డాము.

ఓరో ప్రెటో అంటే 'నల్ల బంగారం'. ఇక్కడి రేణువులకు నల్లని పూత ఉండేదట. చూచినవారికి అది బంగారమని తోచదు. కనుక రంగును నమ్మే వీలు లేకపోయింది. ఆనాడు గని యజమానులు తెచ్చిన బంగారు పొడిని ప్రభుత్వపు కరిగింపుశాలలో కరిగించి, అయిదవ వంతు రాజు పాలు తీసి, మిగిలినదాని తూకాన్ని, స్వచ్ఛతను పరీక్షించి, కడ్డీ మీద ముద్ర వేసేవారు. ముద్ర లేని బంగారం చెల్లేది కాదు. పోల్చి చూచి, వేరుచేసి, నిగ్గు తేల్చే విద్య ఈ గడ్డకు అప్పటినుండి అలవాటు. 1839లో ఇదే పట్టణంలో ఔషధశాస్త్ర విద్యాలయం వెలసింది. 1876లో గనుల విద్యాలయం వచ్చింది.

మేము ఇక్కడికి వచ్చింది బంగారం కోసం కాదు. తేనెటీగలు పోగుచేసే ఒక జిగురు కోసం. దాని పేరు ప్రొపోలిస్.

సీసా మీది పేరు

గడచిన కొన్నేళ్లుగా మన నగరాలలోని అత్తరు దుకాణాల్లో, రంజాన్ రాత్రుల అంగళ్లలో తేనె సీసాల పక్కన ప్రొపోలిస్ చుక్కల మందు కూడా కనిపిస్తున్నది. గొంతు నొప్పికి, దగ్గుకు, నోటి పుండ్లకు, చివరకు చక్కెర వ్యాధికి కూడా ఇది మందేనని విక్రేతలు చెబుతారు. మేము చూచిన కొన్ని సీసాలపై సూరహ్ అన్ నహ్ల్ పేరు కూడా ముద్రించి ఉన్నది.

దివ్యఖుర్‌ఆన్‌లోని 16వ సూరహ్‌కు తేనెటీగ పేరే పెట్టబడిన సంగతి పాఠకులకు తెలిసినదే. అయితే ఆ సూరహ్‌లోని 68, 69 వాక్యాలు ప్రస్తావించినది తేనెటీగ కడుపు నుండి వెలువడే పానీయాన్ని. ప్రొపోలిస్ పానీయం కాదు, తేనెటీగ కడుపు నుండి వెలువడేదీ కాదు. అది చెట్ల మొగ్గల నుండి, లేతాకుల నుండి ఊరే జిగురు. శ్రామిక ఈగ దానిని దవడలతో గీరి, వెనుక కాళ్ల బుట్టలలో అంటించుకొని తుట్టెకు మోసుకువస్తుంది. అక్కడ తోటి ఈగలు దానిని కాళ్ల నుండి పీకి తీసి, మైనం కలిపి, పగుళ్లలో మెత్తుతాయి. గాలి, వాన, చీమ లోపలికి రాకుండా వాకిలిని ఇరుకు చేస్తాయి. గ్రీకు భాషలో 'ప్రో' అంటే ముందర, 'పోలిస్' అంటే నగరం. నగరద్వారానికి కావలి కాసే పదార్థమని ఆ పేరు. తుట్టెలో దూరి చచ్చిన ఎలుకను ఈగలు బయటికి ఈడ్వలేవు. అప్పుడు దానిని ఈ జిగురుతో పూర్తిగా కప్పివేస్తాయి. కళేబరం కుళ్లి తుట్టెను పాడు చేయదు. సూక్ష్మజీవులను అడ్డుకొనే గుణమేదో ఇందులో ఉన్నదని మానవుడు గ్రహించడానికి ఆ ఒక్క దృశ్యం చాలు.

కాని ఆ గుణం ఏ పదార్థానిది? ఒక సీసాలో ఉన్నదే మరొక సీసాలోనూ ఉన్నదా? అల్లాహ్ వాక్యం పేరు చెప్పి అమ్ముతున్నప్పుడు, రోగి ఆశపడి కొంటున్నప్పుడు, ఈ ప్రశ్న అడగడం శాస్త్రవేత్తల పని మాత్రమే కాదు.

చీపురు మొక్క

ఓరో ప్రెటో నుండి బయలుదేరిన మా వాహనం ఎర్రమట్టి దారి పట్టింది. అడవి నరికి, కొన్నాళ్లు పశువులను మేపి వదిలేసిన వాలుల మీద నిలువెత్తు పొదలు దట్టంగా లేచి ఉన్నాయి. సన్నని ఆకులు, నలిపితే ఘాటైన సువాసన. స్థానికులు దీనిని 'అలెక్రిం దో కాంపు' అంటారు, అంటే బయలు రోజ్‌మేరీ. 'వస్సౌరిన్యా' అని కూడా అంటారు, అంటే చిన్న చీపురు. దీని రెమ్మలు కట్టి వాకిళ్లు ఊడ్చేవారట. శాస్త్రీయ నామం బక్కారిస్ డ్రాకన్‌క్యులిఫోలియా. మన చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. పశువుల కాపరికి ఇది కలుపు మొక్క. తేనెటీగకు గని.

మాకు తేనెపెట్టెలు చూపించిన పెంపకందారు వయసు మళ్లిన మనిషి. తెల్లని ముసుగు దుస్తులు మాకు తొడిగి, పొగడబ్బా వెలిగించి, "నెమ్మదిగా నడవండి, వీటికి కోపం ఎక్కువ" అని హెచ్చరించారు. ఆ కోపానికి ఒక చరిత్ర ఉన్నది. 1956లో వార్విక్ కెర్ అనే జన్యుశాస్త్రవేత్త వేడి ప్రాంతాలకు తగిన తేనెటీగల కోసం ఆఫ్రికా నుండి రాణి ఈగలను బ్రెజిల్‌కు తెప్పించారు. 1957లో సావో పాలో రాష్ట్రంలోని రియో క్లారో వద్ద వాటిలో 26 పట్టులు తప్పించుకుపోయి, అంతకుముందున్న ఐరోపా ఈగలతో కలిసిపోయాయి. అలా పుట్టిన సంతతి తొందరగా కుడుతుంది. కాని రోగాలను తట్టుకుంటుంది, జిగురును సమృద్ధిగా సేకరిస్తుంది.

ఆయన పెట్టె పక్కగోడ నుండి ఒక సన్నని చెక్కపట్టీని తొలగించారు. వేలెడు వెడల్పున సందు ఏర్పడింది. "ఈగ వెలుతురును, ఈదురుగాలిని సహించదు. సందు కనబడితే మూయకుండా ఉండలేదు. అది పూర్తిగా మూసిన తర్వాత మేము కోసుకుంటాము" అన్నారు. మరొక పెట్టెకు అంతకుముందే మూసిన సందు ఉన్నది. కత్తితో దానిని కోసి మా చేతిలో పెట్టారు. అరచేతి పొడవున బిళ్ల, ముదురాకుపచ్చ రంగు, నలిపిన పొద వాసనే. కొద్ది దూరంలో ఒక ఈగ చీపురు మొక్క లేత చివురును పట్టుకొని కొరుకుతున్నది. వాసనను బట్టి రెండూ ఒకటేనని మాకు అనిపించింది. అయితే అనిపించడం వేరు, రుజువు కావడం వేరు.

మన దేశంలో తరతరాలుగా ఉన్న ఎపిస్ సెరానా జాతి తేనెటీగ ఈ జిగురును దాదాపుగా వాడదు. అందుకే మన పల్లెల్లో తేనెకు, మైనానికి ఉన్న ప్రసిద్ధి దీనికి లేకపోయింది.

వేరుచేసే విద్య

అక్కడి ఒక ప్రయోగశాలలో ఆ పచ్చని బిళ్ల ప్రయాణాన్ని మేము చివరి వరకు చూచాము. ప్రొపోలిస్ గది వేడికే మెత్తబడి చేతికి అంటుకుంటుంది. గడ్డకట్టే చలిలో పెడితే గాజులా పెళుసెక్కుతుంది. అప్పుడు దానిని పొడి చేస్తారు. ఆ పొడిని నూటికి డెబ్బై, ఎనభై పాళ్ల ఇథైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి కలియబెడతారు. జిగురు కరుగుతుంది. మైనంలో చాలా భాగం కరగదు. వడకట్టిన ద్రావణాన్ని చల్లబరిస్తే మిగిలిన మైనం కూడా తెట్టెగా పేరుకుంటుంది. దానిని మరల వడకట్టి, పీడనం తగ్గించిన పాత్రలో ఆల్కహాల్‌ను ఆవిరి చేస్తే, అడుగున చిక్కని సారం మిగులుతుంది.

ఆ సారంలో ఒక పదార్థం కాదు, వందల పదార్థాలు ఉంటాయి. ముందుగా హెక్సేన్‌తో కడిగి కొవ్వులను తీసివేస్తారు. తరువాత సిలికా పొడి నింపిన గాజు గొట్టం పై నుండి సారాన్ని పోసి, ద్రావకాన్ని మెల్లగా దింపుతారు. సిలికాను గట్టిగా పట్టుకొనే అణువులు వెనుకబడతాయి, పట్టు లేనివి ముందు దిగుతాయి. ఒక్కొక్క భాగాన్ని వేరు వేరు గొట్టాలలో పట్టి, వాటిలో ముంచిన చిన్న కాగితపు బిళ్లలను సూక్ష్మజీవులు పెరుగుతున్న పళ్లెం మీద ఉంచుతారు. మరునాడు ఏ బిళ్ల చుట్టూ సూక్ష్మజీవులు పెరగక ఖాళీ వలయం కనిపిస్తే, క్రియాశీల పదార్థం ఆ భాగంలో ఉన్నట్లు. ఆ భాగాన్నే మరల విడదీస్తారు. ఇలా వలయాన్ని వెంబడించుకుంటూ ఒకే ఒక పదార్థం మిగిలే వరకు పోతారు.

1994లో జపాన్ శాస్త్రవేత్తలు బ్రెజిల్ ప్రొపోలిస్‌ను ఈ విధంగానే శోధించి, సూక్ష్మజీవులను అడ్డుకొనే పదార్థాలను వేరుచేసి ప్రకటించారు. వాటిలో ముఖ్యమైనది ఆర్టెపిల్లిన్-సి. నేడు పచ్చ ప్రొపోలిస్‌కు అదే గుర్తింపు చిహ్నం.

వేరుచేసిన పదార్థం ఆర్టెపిల్లినే అని ఎలా తెలుస్తుంది? మొదట దానిని తూస్తారు. ఈ తూకం మన త్రాసుతో కాదు, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో. మొక్కలలో సాధారణంగా ఉండే పారా కుమారిక్ ఆమ్లం అణుభారం 164. దానికి రెండు ప్రెనైల్ తోకలు తగిలితే ఆర్టెపిల్లిన్ అవుతుంది. ఒక్కొక్క తోక వలన 68 పెరుగుతుంది. 164, 68, 68 కలిస్తే 300. యంత్రంలో ఒక ప్రోటాన్ ఊడి 299 దగ్గర గీత పడుతుంది.

అంతటితో సరిపోయిందనుకోవడానికి వీలు లేదు. అదే పచ్చ ప్రొపోలిస్‌లో కెంఫెరైడ్ అనే మరొక పదార్థం ఉన్నది. దాని నిర్మాణం పూర్తిగా వేరు, అణుభారం మాత్రం అదీ 300. ముతక తూకానికి ఇద్దరూ ఒక్కటే. మరింత సూక్ష్మంగా తూస్తే దశాంశాలలో తేడా బయటపడుతుంది, ఒకటి 300.17, మరొకటి 300.06. పిమ్మట ఎన్.ఎమ్.ఆర్. అనే పరీక్షలో శక్తిమంతమైన అయస్కాంతం నడుమ ఉంచి, ఏ హైడ్రోజన్ ఎవరి పొరుగున ఉన్నదో చదువుతారు. ఆర్టెపిల్లిన్‌లో రెండు తోకలు వలయానికి ఇరువైపులా సమానంగా ఉంటాయి. కనుక ఆ రెండింటి సంకేతాలు ఒకే చోట పడతాయి. తోకలు మరో చోట తగిలి ఉంటే అలా పడవు. ఇన్ని సాక్ష్యాలు ఏకమైన తర్వాతనే పేరు పెడతారు.

చీపురు మొక్క చివురుల సారాన్ని కూడా ఇదే యంత్రంలో పంపి చూపించారు. కాగితం మీద లేచిన శిఖరాలు, ప్రొపోలిస్ శిఖరాలతో వరుస తప్పకుండా కలిశాయి. కొండ మీద మా ముక్కు చెప్పినదానికి ఇక్కడ రుజువు దొరికింది.

ఒకే పేరు, వేరు వేరు పదార్థాలు

ప్రయోగశాల గోడ మీద మరికొన్ని పటాలు వ్రేలాడుతున్నాయి. ఐరోపా ప్రొపోలిస్‌లో ఆర్టెపిల్లిన్ శిఖరమే లేదు. అక్కడి ఈగలు పాప్లర్ చెట్టు మొగ్గల జిగురు తెస్తాయి. అందులో క్రైసిన్, పైనోసెంబ్రిన్, గలాంగిన్ అనే ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. బ్రెజిల్‌లోనే ఈశాన్యాన ఉన్న అలగోవాస్ రాష్ట్రపు మడ అడవులలో ఈగలు డాల్బెర్జియా జాతి పొద కాండం నుండి కారే ఎర్రని రసాన్ని తెస్తాయి. మన జిట్రేగి, సీసం కలపనిచ్చే చెట్లు కూడా డాల్బెర్జియా జాతివే. ఆ ఎర్ర ప్రొపోలిస్‌లో ఫార్మోనోనెటిన్ వంటి ఐసోఫ్లేవనాయిడ్లు ఉంటాయి. తైవాన్‌లో, ఒకినావాలో మకరంగా చెట్టు, క్యూబాలో క్లూసియా చెట్టు. కాంపినాస్ విశ్వవిద్యాలయానికి చెందిన యాంగ్ కున్ పార్క్ బృందం ఒక్క బ్రెజిల్ ప్రొపోలిస్‌నే 12 తరగతులుగా విభజించింది. ఎర్రది ఆ తర్వాత చేరింది.

ఆశ్చర్యమేమంటే, పదార్థాలు ఇంత వేరైనా సూక్ష్మజీవులను అడ్డుకొనే గుణం చాలావాటిలో ఉన్నది. పాప్లర్ లేని చోట ఈగ చీపురు మొక్కను వెతుక్కున్నది, చీపురు మొక్క లేని చోట మడ పొదను వెతుక్కున్నది. రసాయన శాస్త్రం చదవని ఆ చిన్ని ప్రాణికి ప్రతి నేలలోనూ తనకు తగిన జిగురు ఎక్కడున్నదో ఎవరు తెలిపారు? ఆలోచించే వారికి ఇందులో సూచన ఉన్నది.

అయితే తుట్టెకు ఏది తెచ్చినా పని జరుగుతుంది గాని, రోగికి అలా కాదు. ఐరోపా ప్రొపోలిస్ మీద జరిగిన పరిశోధన ఫలితాన్ని పచ్చ ప్రొపోలిస్ సీసా మీద ముద్రించడం, పచ్చదాని ఖ్యాతిని ఊరూ పేరూ లేని ముదురు ద్రవానికి తగిలించడం న్యాయం కాదు. కొలబద్దలోనూ ఇదే చిక్కు వస్తుంది. ఫ్లేవనాయిడ్ల శాతాన్ని బట్టి మాత్రమే నాణ్యత నిర్ణయిస్తే, ఫ్లేవనాయిడ్లు తక్కువగా, ఆర్టెపిల్లిన్ ఎక్కువగా ఉన్న మేలైన పచ్చ ప్రొపోలిస్ కూడా నాసిరకమని తేలుతుంది. ఈ కారణంగానే ఊరిపేరుకు చట్టబద్ధమైన విలువ ఏర్పడింది. అలగోవాస్ ఎర్ర ప్రొపోలిస్‌కు 2012లో, మీనస్ జెరైస్ పచ్చ ప్రొపోలిస్‌కు 2016లో బ్రెజిల్ ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఒకనాడు బంగారు కడ్డీ మీద పడిన ముద్ర వంటిదే ఇది.

ఆల్కహాల్ ప్రశ్న

మా బృందంలోని సోదరీమణి ఒకరు ప్రయోగశాలలో అడిగిన ప్రశ్న చాలామంది పాఠకుల మనసులో మెదులుతూనే ఉంటుంది. "నీటితో తీయలేరా?"

తీయవచ్చునని వారు చెప్పారు. కాని నీటిలో దిగే పదార్థాలు వేరు. ఆర్టెపిల్లిన్ తోకలు నూనె స్వభావం గలవి. నీరు వాటిని అంతగా కరిగించుకోదు. నీటి సారంలో ప్రధానంగా దొరికేవి కెఫియోయిల్ క్వినిక్ ఆమ్లాలు. ఎదుటి కొండ మీది కాఫీ గింజలో ఉండే కుటుంబమే అది. నీటి సారం నాసిరకమైనదని దీని అర్థం కాదు. అది వేరొక వస్తువు. ఆల్కహాల్ సారం మీద తేలిన ఫలితాన్ని నీటి సారానికి ఆపాదించరాదు. గ్లైకాల్‌తో చేసే సారాలు ఉన్నాయి. ఆల్కహాల్‌తో తీసి, దానిని ఆవిరి చేసి, పొడిగా గొట్టాలలో నింపేవి ఉన్నాయి. అధిక పీడనంలోని కార్బన్ డయాక్సైడ్‌తో తీసే పద్ధతీ ఉన్నది.

ఆల్కహాల్ అనే మాటకు మూలం అరబీలోని 'అల్ కుహ్ల్', అంటే మనం కళ్లకు పెట్టుకునే సుర్మా. మెత్తగా నూరిన పొడికి చెల్లిన పేరు కాలక్రమాన ఒక వస్తువు నుండి వడిచి తీసిన సారానికి, ఆపై ద్రాక్షసారాయి నుండి వడిచిన ద్రవానికి చెల్లింది. ఆవిరి చేసిన సారం సంగతేమి, చుక్కలలో మిగిలిన ఆల్కహాల్ సంగతేమి అన్నది ధర్మపండితులను అడిగి తెలుసుకోవలసిన విషయం. అయితే వారిని అడగడానికి ముందు సీసాలో ఏమున్నదో మనకు తెలియాలి. లేబుల్ మీద ద్రావకం పేరే లేకపోతే పండితుడు మాత్రం ఏమి చెప్పగలరు?

ఇంటికి తేదగిన మాట

ప్రయోగశాల పళ్లెం మీద ఖాళీ వలయం కనిపించినంత మాత్రాన మనిషి దేహంలో రోగం నయమైనట్లు కాదని అక్కడివారు మాకు నొక్కి చెప్పారు. వైద్యుడు రాసిన మందు మానివేసి దీనిని వాడరాదు. తేనెటీగ ఉత్పత్తులు పడనివారికి, ఉబ్బసం ఉన్నవారికి ఇది హాని చేయవచ్చు. ప్రొపోలిస్ తగిలి చర్మం దద్దురులెక్కే వారున్నారు. ఐరోపా రకంలో ఆ దద్దురుకు కారణమైన కెఫియిక్ ఆమ్లపు ఎస్టర్లను కూడా ఇదే వేరుచేసే విద్య గుర్తించింది. మేలు చేసేదాన్ని చూపిన యంత్రమే కీడు చేసేదాన్నీ చూపింది.

కనుక ప్రొపోలిస్ కొనదలచిన కుటుంబం విక్రేతను మూడు ప్రశ్నలు అడగాలి. ఇది ఏ ప్రాంతపు జిగురు, ఏ మొక్కది? ఏ ద్రావకంతో తీశారు, అది ఇంకా ఇందులో ఉన్నదా? ఏ పదార్థం ఎంత పాళ్లలో ఉన్నదో పరీక్షించిన పత్రం ఉన్నదా? సూరహ్ అల్ ముతఫ్ఫిఫీన్‌లోని హెచ్చరిక కొలతలో మోసం చేసేవారికి. తక్కువ తూచడం ఒక మోసమైతే, ఒక వస్తువు పేరుతో మరొక వస్తువును తూచి ఇవ్వడం అంతకు తక్కువేమీ కాదు. జవాబు ఉన్న విక్రేత ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. పచ్చని బిళ్లను మా చేతిలో పెట్టిన ఆ పెద్దమనిషి, మేము అడగకముందే దాని వెనుక తన ఊరి పేరు, కోసిన తేదీ రాసి ఇచ్చారు.